వైరానికీ ఒక వేళాపట్టిక

2025 జనవరి 5 రాత్రి బ్యాంకాక్‌లోని రాజమంగళ జాతీయ స్టేడియంలో పడిన ఒక గోల్ థాయ్‌లాండ్, వియత్నాం అభిమానుల మధ్య పెద్ద తగవుకు కారణమైంది. ఆగ్నేయాసియా దేశాల ఫుట్‌బాల్ పోటీ అయిన ఆసియాన్ చాంపియన్‌షిప్‌లో అది ఫైనల్ రెండో అంచె. ఆట ఆగడం కోసం వియత్నాం గోల్‌కీపర్ బంతిని కావాలనే గీత బయటకు పంపాడు. ఇలాంటప్పుడు ఎదుటి జట్టు బంతిని తిరిగి అప్పగించడం ఫుట్‌బాల్‌లో ఎవరూ రాయని, అందరూ పాటించే మర్యాద. థాయ్ జట్టు దాన్ని పాటించలేదు. బంతి అందుకున్న సుపాచోక్ దూరం నుంచే గోల్ కొట్టాడు. నియమావళి ప్రకారం ఆ గోల్ చెల్లుతుంది, చెల్లింది కూడా. రెండు అంచెల మొత్తం స్కోరు 3-3 అయింది. తరువాత వియత్నాం మరో రెండు గోల్స్ సాధించి 5-3తో ప్రత్యర్థి గడ్డపైనే కప్పు ఎత్తింది. హనోయ్ వీధులు ఆ రాత్రి మోటార్ సైకిళ్లతో, ఎర్రజెండాలతో నిండిపోయాయి.

ఆ తరువాత ఏమీ జరగలేదు. రాయబారులను వెనక్కి పిలిపించలేదు. ఏ విదేశాంగ శాఖా ప్రకటన జారీ చేయలేదు. వియత్నాం ఆటగాళ్లు మరునాడు కప్పుతో ఇంటికి వెళ్లారు. దక్షిణాసియా రాజకీయాలను గమనించేవారికి ఈ ‘ఏమీ జరగకపోవడమే’ అసలైన వార్తగా కనిపించాలి. ఎందుకంటే ఆ రెండు దేశాల మధ్య చరిత్ర మర్యాదగా గడిచినది కాదు. ఉత్తర వియత్నాంపై బాంబులు కురిపించిన అమెరికా వైమానిక దళ విమానాల్లో అత్యధికం థాయ్‌లాండ్ స్థావరాల నుంచి ఎగిరినవే. థాయ్ సైనికులు దక్షిణ వియత్నాంలో అమెరికన్ల పక్కన నిలబడి పోరాడారు. 1978 చివరలో వియత్నాం సేనలు కంబోడియాలోకి ప్రవేశించాక దశాబ్దకాలం పాటు థాయ్ సరిహద్దు నిత్యం ఉద్రిక్తంగానే ఉంది. అంతటి గతం ఉన్న రెండు దేశాల ప్రజలు ఇప్పుడు ఒక అమర్యాదకరమైన గోల్ గురించి తిట్టుకుంటున్నారు. దీనిని పతనం అనుకునేవారు ఉంటే ఉండవచ్చు గానీ, నాగరికత సాధించిన ప్రగతి తరచుగా ఇలాంటి రూపంలోనే కనిపిస్తుంది.

ఈ టోర్నీ పుట్టుక ఏమంత ఉదాత్తమైనది కాదు. 1996లో సింగపూర్‌లో మొదలైనప్పుడు దాని పేరు టైగర్ కప్. టైగర్ అన్నది ఒక బీరు. 2008 నుంచి సుజుకీ కప్ అయింది. 2022లో మిత్సుబిషి ఎలక్ట్రిక్ కప్, 2026 పోటీకి హ్యుండయ్ కప్. బీరు సీసా నుంచి జపాన్ మోటారు వాహనానికి, అక్కడి నుంచి కొరియా కారుకు ఎదిగిన ఈ పేర్ల వరుస చూస్తే ఆ ప్రాంతపు మధ్యతరగతి ఎదుగుదల చరిత్ర వేరే చదవనక్కరలేదు. వాణిజ్యం పెట్టిన పందిరి కింద రాజకీయం తరువాత వచ్చి కూర్చుంది.

ఇక్కడ ఒక కాలక్రమాన్ని గమనించాలి. ఆసియాన్ కూటమి 1967 ఆగస్టు 8న బ్యాంకాక్‌లో అయిదు దేశాలతో ఏర్పడింది. కమ్యూనిజం భయం దాని ఊపిరి. ఆ భయానికి ప్రతిరూపమైన వియత్నాం 1995లో అదే కూటమిలో చేరింది. లావోస్, మియన్మార్ 1997లో, కంబోడియా 1999లో సభ్యులయ్యాయి. కానీ 1996 నాటి తొలి టైగర్ కప్‌లోనే ఈ పది దేశాలూ ఆడాయి. అంటే దౌత్యవేత్తలు పది కుర్చీలు సర్దడానికి మూడేళ్ల ముందే ఫుట్‌బాల్ మైదానం పది జెండాలనూ ఎగరేసింది. తూర్పు తిమోర్ కథ ఇంకా విచిత్రం. ఆగ్నేయాసియా ఫుట్‌బాల్ సమాఖ్య దాన్ని 2004లో చేర్చుకుంటే, ఆసియాన్ కూటమి తలుపు తెరవడానికి 2025 అక్టోబరు దాకా పట్టింది. అందువల్ల ఆటే కూటమిని నిర్మించిందని చెప్పడం అతిశయోక్తి. కాకపోతే ఎవరిని ఇరుగుపొరుగుగా గుర్తించాలన్న విషయంలో ఆట నడిపేవారికి ఉన్న తొందర రాజ్యాలకు లేదన్నది మాత్రం నిజం.

అసలు విశేషం పోటీ జరిపే పద్ధతిలో ఉంది. 2004 నుంచి ఫైనల్ రెండు అంచెలుగా, ఒకటి తమ గడ్డపై, ఒకటి ప్రత్యర్థి గడ్డపై ఆడుతున్నారు. 2018 నుంచి గ్రూపు దశ కూడా అలాగే మారింది. అయిదు జట్ల గ్రూపులో ప్రతి జట్టూ రెండు మ్యాచ్‌లు ఇంట్లో, రెండు మ్యాచ్‌లు పొరుగింట్లో ఆడాలి. మహమ్మారి కాలంలో అన్ని మ్యాచ్‌లూ సింగపూర్‌లోనే పెట్టవలసి వచ్చింది గానీ, తరువాత మళ్లీ పాత పద్ధతికే వచ్చారు. పొరుగు దేశపు గీతాన్ని తమ స్టేడియంలో వాయించడం, ఆ దేశపు అభిమానులకు ఒక మూల స్థలం కేటాయించడం, వారి బస్సుకు పోలీసు కాపలా ఇచ్చి క్షేమంగా విమానం ఎక్కించడం ప్రతి ఆతిథ్య దేశానికీ రెండేళ్లకోసారి తప్పని పని. శిఖరాగ్ర సదస్సుల్లో నాయకులు చేతులు కలిపి ఫొటో దిగడం కన్నా ఒక పోలీసు అధికారి చేసే ఈ పని కష్టమైనది. సభ్యదేశాల పౌరులు ఒకరి దేశానికి మరొకరు కొద్దిరోజుల పర్యటనకు చాలావరకు వీసా లేకుండానే వెళ్లగలగడం ఈ ఏర్పాటుకు పునాది. ఆ పునాది లేకపోతే అభిమానులు ఉండరు, అభిమానులు లేకపోతే ఇంటా బయటా పోటీకి అర్థమే ఉండదు.

మలేసియా, ఇండోనేసియాల సంగతి చూస్తే ఇది మరింత స్పష్టమవుతుంది. భాష దాదాపు ఒకటే, మతం ఒకటే, తిండీ పాటా ఒకటే. అందుకే దాయాదుల తగవులా అది ఎన్నటికీ తెగదు. 1963లో మలేసియా సమాఖ్య ఏర్పడటాన్ని వలసవాదుల కుట్రగా భావించిన సుకర్ణో ‘మలేసియాను నలిపేయండి’ అని పిలుపునిచ్చారు. మూడేళ్ల పాటు బోర్నియో అడవుల్లో అప్రకటిత యుద్ధం నడిచింది. 1965 మార్చిలో ఇండోనేసియా సైనికులు పెట్టిన బాంబు సింగపూర్ నడిబొడ్డున, మెక్‌డొనాల్డ్ హౌస్ భవనంలో పేలింది. తరువాత కొత్త తగవులు వచ్చాయి. రెండు చిన్న దీవుల గురించి అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లారు. 2002లో తీర్పు మలేసియా పక్షాన వచ్చింది. మలేసియా ఇళ్లల్లో పనిచేసే ఇండోనేసియా స్త్రీలపై జరిగే దాష్టీకాలు ఒక గాయం. 2009లో మలేసియాకు సంబంధించిన ఒక టీవీ ప్రకటనలో బాలి ద్వీపపు పెండెట్ నృత్యం కనిపిస్తే జకార్తా వీధుల్లో నిరసనలు జరిగాయి.

ఆ మరుసటి ఏడాదే, 2010 డిసెంబరులో, ఈ రెండు జట్లూ ఫైనల్‌లో తలపడ్డాయి. గ్రూపు దశలో మలేసియాను 5-1తో చిత్తుచేసిన ఇండోనేసియా ఈసారి కప్పు తమదేనని నమ్మింది. కౌలాలంపూర్‌లో తొలి అంచె జరుగుతుండగా ప్రేక్షకుల్లో కొందరు ఇండోనేసియా గోల్‌కీపర్ కళ్లలోకి లేజర్ కిరణాలు కొట్టారు. ఆటగాళ్లు నిరసనగా మైదానం వీడారు. కొన్ని నిమిషాల తరువాత తిరిగొచ్చి ఆడి, మూడు గోల్స్ సమర్పించుకున్నారు. మూడు రోజుల తరువాత జకార్తాలో ఇండోనేసియా 2-1తో గెలిచినా లాభం లేకపోయింది. ‘నలిపేయండి’ అన్న సుకర్ణో నాటి నినాదం ఇలాంటి మ్యాచ్‌లలో ఇప్పటికీ వినిపిస్తుంది. కానీ ఇప్పుడు దాన్ని పలికేవారు టిక్కెట్టు కొనుక్కుని వచ్చినవారు. మ్యాచ్ ముగిశాక ఇంటికి వెళ్లిపోతారు.

మలేసియా మొదటిసారి, ఇప్పటికి చివరిసారి కూడా, ఈ టైటిల్ గెలిచింది ఆ రోజే. అప్పటి ప్రధాని నజీబ్ రజాక్ డిసెంబరు 31ని జాతీయ సెలవుదినంగా ప్రకటించారు. జాతుల వారీగా రాజకీయ పార్టీలు విడిపోయి ఉన్న ఆ దేశంలో, విజేత జట్టుకు శిక్షకుడు కె. రాజగోపాల్ అనే భారత సంతతి వ్యక్తి కావడం నజీబ్ ప్రచారం చేస్తున్న ‘ఒకే మలేసియా’ నినాదానికి సరిగ్గా సరిపోయింది. రబ్బరు తోటలకు కూలీలుగా తరలివెళ్లిన తమిళుల, తెలుగుల వారసులు ఆ ఒక్కరోజు తమ దేశం తమను పూర్తిగా తనవారిగా చూసుకుందని అనుకుని ఉంటే తప్పులేదు. సెలవు ఒక్కరోజే. మరునాటి నుంచి కోటాలు, గుర్తింపు రాజకీయాలు యథాతథం. ఆట రాజకీయాన్ని మార్చదు. మార్చుతుందని రాజకీయ నాయకులు చెబుతున్నప్పుడు జేబులు తడుముకోవడం మంచిది.

ఇండోనేసియా ప్రేక్షకుల ఆగ్రహం ఎలా ఉంటుందో భారత జట్టుకు తెలుసు, అదీ ఈ టోర్నీ పుట్టడానికి 34 ఏళ్ల ముందే. ఈ చాంపియన్‌షిప్ ఫైనళ్లు పలుమార్లు జరిగిన జకార్తాలోని గెలోరా బుంగ్ కర్ణో స్టేడియాన్ని సోవియట్ సహాయంతో కట్టింది 1962 ఆసియా క్రీడల కోసం. ఆ క్రీడలకు ఇజ్రాయెల్, తైవాన్ ఆటగాళ్లను ఇండోనేసియా రానివ్వలేదు. అలాంటప్పుడు వాటిని ఆసియా క్రీడలని ఎలా అంటారని భారత ప్రతినిధి గురుదత్ సోంధీ ప్రశ్నించారు. జకార్తా భగ్గుమంది. భారత రాయబార కార్యాలయంపై మూక దాడి చేసింది. ఆ మరునాడే, సెప్టెంబరు 4న, దక్షిణ కొరియాతో ఫుట్‌బాల్ ఫైనల్. లక్షమంది సామర్థ్యమున్న స్టేడియం మొత్తం భారత జట్టును గేలిచేస్తుండగా పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్ చెరో గోల్ కొట్టి 2-1తో స్వర్ణం గెలిపించారు. జట్టును తీర్చిదిద్దిన శిక్షకుడు హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. అప్పటికే ఆయన క్యాన్సర్‌తో బాధపడుతున్నారు. పది నెలలు తిరగకముందే కన్నుమూశారు. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్, తులసీదాస్ బలరాం, యూసుఫ్ ఖాన్ వంటి హైదరాబాద్, సికింద్రాబాద్ కుర్రాళ్లు ఆ జట్టుకు వెన్నెముక.

ఆ రోజు స్టేడియంలో భారత్‌కు మద్దతుగా గట్టిగా అరిచింది పాకిస్థాన్ హాకీ ఆటగాళ్లని ఆనాటి క్రీడాకారులు తరువాతి కాలంలో చెప్పుకున్నారు. పరాయి నేలపై దక్షిణాసియా అనే భావన అప్పుడు అంత సహజంగా ఉండేది. మూడేళ్లకే 1965 యుద్ధం వచ్చింది. ఇండోనేసియా, మలేసియాలూ అదే సమయంలో అడవుల్లో కాల్చుకుంటున్నాయి. అంటే 1965లో చూసిన పరిశీలకుడికి రెండు ప్రాంతాలూ ఒకేలా కనిపించి ఉండేవి. ఆరు దశాబ్దాల తరువాత ఒక ప్రాంతం ఎక్కడుంది, ఇంకోటి ఎక్కడుంది?

దక్షిణాసియాకూ ఒక ఫుట్‌బాల్ చాంపియన్‌షిప్ ఉంది. నిజానికి అది టైగర్ కప్ కన్నా మూడేళ్లు పెద్దది. 1993లో లాహోర్‌లో సార్క్ గోల్డ్ కప్ పేరిట మొదలైంది. తరువాత సాఫ్ చాంపియన్‌షిప్ అయింది. ఇప్పటికి 14 సార్లు జరిగితే తొమ్మిదిసార్లు విజేత భారతే. వినడానికి గొప్పగా ఉంది. కానీ 2023లో బెంగళూరులో భారత్ ఆ తొమ్మిదో కప్పు గెలిచింది ఎవరి మీద? సెమీఫైనల్‌లో లెబనాన్ మీద, ఫైనల్‌లో కువైట్ మీద, రెండుసార్లూ పెనాల్టీ షూటవుట్లలో. పోటీ కాస్త పసగా ఉండాలంటే పశ్చిమాసియా నుంచి అతిథులను పిలుచుకోవలసి వచ్చింది. అదే పోటీలో పాకిస్థాన్ జట్టుకు వీసాలు ఆలస్యమై, భారత్‌తో మ్యాచ్ ఆడవలసిన రోజునే బెంగళూరు చేరింది. కొద్ది గంటల విశ్రాంతితో మైదానంలోకి దిగి 4-0తో ఓడింది. ఆ గెలుపును పత్రికలు ఘనవిజయమని రాశాయి. భారత జట్టు చివరిసారి పాకిస్థాన్ గడ్డపై సాఫ్ ఆడి గెలిచింది 2005లో, కరాచీలో. అప్పటికి ముషారఫ్, మన్మోహన్ సింగ్‌ల శాంతి ప్రక్రియ ఇంకా ఊపిరితో ఉంది.

సార్క్ శిఖరాగ్ర సదస్సు చివరిసారి జరిగింది 2014 నవంబరులో, కాఠ్‌మాండూలో. 2016లో ఇస్లామాబాద్‌లో జరగవలసింది ఉరీ దాడి తరువాత రద్దయింది. అప్పటి నుంచి ఆ సంస్థ కార్యాలయానికి తాళం వేయలేదు, అంతే. ఉగ్రవాదాన్ని ఉపేక్షించి సదస్సులకు హాజరుకావాలని ఎవరూ అనడం లేదు. పహల్గాంలో పర్యాటకులను చంపిన తరువాత ఏ ప్రభుత్వమూ చేతులు ముడుచుకుని కూర్చోదు. కానీ భారత్, పాకిస్థాన్ మధ్య ద్వారం మూసుకున్నప్పుడు నేపాల్, బంగ్లాదేశ్, శ్రీలంక, మాల్దీవులు, భూటాన్‌లకు కూడా వేదిక లేకుండా పోవడం ఎందుకన్నదే ప్రశ్న. ఆసియాన్‌లో ఏ ఇద్దరు కొట్టుకున్నా మిగిలినవారి క్యాలెండర్ ఆగదు. ఇక్కడ ఒక తగవుకు ఎనిమిది దేశాల క్యాలెండర్ బలైంది.

2025 ఆగస్టులో కేంద్ర క్రీడా మంత్రిత్వ శాఖ ఒక విధానం ప్రకటించింది. పాకిస్థాన్‌తో ద్వైపాక్షిక పోటీలు అక్కడా వద్దు, ఇక్కడా వద్దు. బహుళ దేశాల పోటీలకు మాత్రం అంతర్జాతీయ నియమాలే వర్తిస్తాయి. కాగితం మీద ఇది సమంజసంగానే ఉంది. దాని ఆచరణ క్రికెట్‌లో కనిపిస్తోంది. 2025 చాంపియన్స్ ట్రోఫీకి ఆతిథ్యం పాకిస్థాన్‌ది, భారత్ మ్యాచ్‌లు దుబాయ్‌లో. ఆ సెప్టెంబరులో ఆసియా కప్‌లో ఆటగాళ్లు కరచాలనం చేసుకోలేదు. గెలిచిన కప్పును ఎవరి చేతుల మీదుగా అందుకోవాలన్న తగాదాలో అది అందుకోకుండానే జట్టు వేడుక చేసుకుంది. దుబాయ్ అనే తటస్థ నేల దక్షిణాసియాకు శాశ్వత విడిది అయిపోయింది. దుబాయ్‌లో ఆడితే డబ్బు వస్తుంది, ప్రసార హక్కులు అమ్ముడవుతాయి, ఎవరూ ఎవరి ఇంటికీ వెళ్లనక్కరలేదు. ఫుట్‌బాల్‌కు ఆ సౌకర్యం లేదు. సాఫ్‌ను దుబాయ్‌లో పెడితే చూసేవారు ఎవరు? ఆసియాన్ తరహాలో ఇంటా బయటా పద్ధతిలో సాఫ్ జరపాలన్న ఆలోచన ఆ సమాఖ్యలో రాకపోలేదు. వచ్చి, ఆలోచనగానే మిగిలింది. అది అమలైతే ఢిల్లీ విధానంలోని రెండు వాక్యాలు ఒకదానితో ఒకటి ఢీకొంటాయి. పోటీ బహుళ దేశాలదే, మ్యాచ్ మాత్రం లాహోర్‌లో. అప్పుడు ఏ వాక్యం వర్తిస్తుంది?

ఈ ఒంటరితనానికి మూల్యం మైదానంలో కనిపిస్తోంది. 2025 అక్టోబరు 14న గోవాలోని మడ్‌గావ్‌లో, ర్యాంకుల్లో తనకంటే వెనుక ఉన్న సింగపూర్ చేతిలో భారత్ 2-1తో ఓడి, 2027 ఆసియా కప్‌కు అర్హత పొందే అవకాశం పోగొట్టుకుంది. సింగపూర్ జనాభా సుమారు 60 లక్షలు, హైదరాబాద్ నగర జనాభా కంటే తక్కువ. ఆ నగర రాజ్యం ఆసియాన్ టైటిల్ నాలుగుసార్లు గెలిచింది. తరువాతి నెలలో ఢాకాలో బంగ్లాదేశ్ చేతిలో కూడా భారత్ ఓడింది. ఏడాది చివరికి ర్యాంకు 142. రహీం నడిచిన నగరానికి చెందిన హైదరాబాద్ ఎఫ్‌సీ క్లబ్బు, ఒకప్పటి ఐఎస్ఎల్ విజేత, అదే ఏడాది ఢిల్లీకి తరలిపోయింది. తెలుగు పత్రికల క్రీడా పుటల్లో కూడా ఆ వార్తకు పెద్దగా చోటు దొరకలేదు.

సింగపూర్ తరఫున ఆ రెండు గోల్స్ కొట్టిన సోంగ్ ఉయ్‌యంగ్ కొరియాలో పుట్టి సింగపూర్ పౌరుడైనవాడు. ఆగ్నేయాసియా ఫుట్‌బాల్‌లో పౌరసత్వం ఇప్పుడు పెద్ద రాజకీయం. ఇండోనేసియా నెదర్లాండ్స్‌లో పుట్టిన తన వలసకాలపు వారసులను వెతికి తెచ్చుకుంటోంది. వియత్నాంకు 2025లో కప్పు అందించిన వీరుడు బ్రెజిల్‌లో పుట్టిన న్గుయెన్ సువాన్ సోన్. అతడు ఆ ఫైనల్లోనే కాలు విరిగి మైదానం వీడాడు. ఈ దారిలో మలేసియా మరీ దూరం వెళ్లింది. ఏడుగురు విదేశీ ఆటగాళ్ల తాతలు, అవ్వలు మలేసియాలో పుట్టినట్టు చూపిన పత్రాలు నకిలీవని ఫిఫా 2025 సెప్టెంబరులో తేల్చి, సమాఖ్యకు జరిమానా, ఆటగాళ్లకు నిషేధం విధించింది. స్పెయిన్‌లో, అర్జెంటీనాలో పుట్టినవారు కాగితాల మీద మలేసియా ఊళ్లకు మారిపోయారు. పౌరసత్వం రుజువు చేసుకోలేక దశాబ్దాలుగా కార్యాలయాల చుట్టూ తిరిగే పేద భారత సంతతి కుటుంబాలు ఆ దేశంలోనే ఉన్నాయి. వారి కాగితాలకు ఈ వేగం ఎన్నడూ రాలేదు.

ఇవన్నీ చెప్పకుండా ఆసియాన్ చాంపియన్‌షిప్‌ను ఆకాశానికెత్తడం నిజాయితీ అనిపించుకోదు. ఈ పోటీకి ఒక మాయని మచ్చ కూడా ఉంది. 1998లో వియత్నాంలో జరిగిన రెండో టోర్నీలో థాయ్‌లాండ్, ఇండోనేసియా రెండూ సెమీఫైనల్ చేరాక ఒకదానితో ఒకటి ఆడవలసి వచ్చింది. గెలిచినవారు హనోయ్‌కు వెళ్లి ఆతిథ్య జట్టును ఎదుర్కోవాలి. ఓడినవారు హోచిమిన్ నగరంలోనే ఉండి, అప్పటికి బలహీనమని పేరుపడ్డ సింగపూర్‌తో ఆడవచ్చు. అందుకని ఇద్దరికీ ఓటమే కావాలి. చివరి క్షణాల్లో ఇండోనేసియా ఆటగాడు ముర్సీద్ ఎఫెండీ బంతిని తన గోల్‌లోకే తన్నాడు. ఆపడానికి పరుగెత్తింది థాయ్ ఆటగాళ్లు! ఫిఫా రెండు సమాఖ్యలకూ చెరో 40 వేల డాలర్ల జరిమానా విధించింది. ముర్సీద్‌ను అంతర్జాతీయ పోటీల నుంచి జీవితకాలం నిషేధించారు. ఓడాలని నిర్ణయించినవారు పైన ఎవరో ఉండే ఉంటారు, శిక్ష మాత్రం కాలు కదిపినవాడికి పడింది. ఇంతా చేసి రెండు జట్లూ సెమీఫైనల్లో ఓడాయి, కప్పు బలహీనమనుకున్న సింగపూర్ తన్నుకుపోయింది.

నాయకుల పాత్ర విషయంలో మాత్రం రెండు ప్రాంతాలూ కవలలే. ఇండోనేసియా సమాఖ్యకు ఏళ్లతరబడి అధ్యక్షుడిగా ఉన్న నుర్దిన్ హాలిద్ అవినీతి కేసులో జైలుకెళ్లి, అక్కడి నుంచే సమాఖ్యను నడిపారు. ఇప్పటి అధ్యక్షుడు ఎరిక్ థోహిర్ మంత్రి కూడా. ప్రభుత్వ జోక్యం పేరిట ఫిఫా ఆ దేశాన్ని 2015లో ఏడాదిపాటు సస్పెండ్ చేసింది. 2022 ఆగస్టులో భారత సమాఖ్యకూ అదే గతి, పదకొండు రోజుల పాటు. ఆ తరువాత జరిగిన ఎన్నికల్లో దేశానికి ఎన్నో మ్యాచ్‌లు ఆడిన బైచుంగ్ భూటియాకు వచ్చింది ఒక్క ఓటు. భారతీయ జనతా పార్టీ నాయకుడు కల్యాణ్ చౌబేకు 33. ఫలితం వచ్చాక భూటియాతో సహా ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోలేదు.

ఆసియాన్ నమూనాకు అసలైన పరీక్ష 2025లో వచ్చింది. జూలైలో థాయ్‌లాండ్, కంబోడియా సరిహద్దులోని ఆలయ ప్రాంతాల కోసం అయిదురోజులు ఫిరంగులతో పోరాడుకున్నాయి. మలేసియా ప్రధాని అన్వర్ ఇబ్రహీం చొరవతో కాల్పులు ఆగాయి. అక్టోబరులో కౌలాలంపూర్‌లో ట్రంప్ సమక్షంలో ఒప్పందంపై సంతకాలు జరిగాయి. డిసెంబరులో మళ్లీ యుద్ధం. సరిగ్గా అప్పుడే థాయ్‌లాండ్‌లో ఆగ్నేయాసియా క్రీడలు మొదలయ్యాయి. కంబోడియా ఆటగాళ్లు ప్రారంభోత్సవంలో నడిచి, మరునాడు భద్రతా కారణాలతో ఇంటికి తిరిగి వెళ్లిపోయారు. ముప్పై ఏళ్లుగా కలిసి ఫుట్‌బాల్ ఆడిన రెండు దేశాలు ఇవి. ఆట వల్ల శాంతి వస్తుందనే వాదనకు ఇంతకన్నా గట్టి ఖండన అక్కరలేదు.

అయితే ఆసియాన్ చాంపియన్‌షిప్ ఎన్నడూ ఆ వాగ్దానం చేయలేదు. అది ఇచ్చేది ఒక వేళాపట్టిక. 2026 జూలై, ఆగస్టు నెలల్లో జరగవలసిన పోటీ జట్ల జాబితాలో థాయ్‌లాండ్ ఉంది, కంబోడియా ఉంది. యుద్ధం ముగిసిన కొద్ది నెలలకే ఎవరి మ్యాచ్ ఎక్కడ పెట్టాలి, ఎవరికి ఎలా భద్రత కల్పించాలి అని అధికారులు కూర్చుని మాట్లాడుకోక తప్పదు. వారికి మాట్లాడుకోవాలని మనసు లేకపోయినా తేదీ దగ్గర పడుతూ ఉంటుంది. ఇస్లామాబాద్, ఢిల్లీల మధ్య లేనిది ఆ తేదీయే.

ఇప్పుడు ఈ ఏర్పాటుకు కొత్త ప్రమాదం పైనుంచి వస్తోంది. ట్రంప్ సంతకాల వేడుక జరిగిన అదే కౌలాలంపూర్ సమావేశాల్లో ఫిఫా అధ్యక్షుడు ఇన్‌ఫాంటినో ‘ఫిఫా ఆసియాన్ కప్’ అనే వేరే పోటీని ప్రకటించారు. ఇప్పటిదాకా ఈ చాంపియన్‌షిప్ ఫిఫా అంతర్జాతీయ షెడ్యూలులో లేకపోవడంతో క్లబ్బులు ఆటగాళ్లను విడుదల చేయనక్కరలేదు. 2024 పోటీకి ఇండోనేసియా ప్రధానంగా కుర్రాళ్ల జట్టును పంపి గ్రూపు దశలోనే వెనుదిరిగింది. ఫిఫా ముద్ర పడితే పెద్ద ఆటగాళ్లు వస్తారు, పెద్ద డబ్బు వస్తుంది. దానితో పాటు మ్యాచ్‌లన్నీ ఒకేచోట, ఎక్కువ ధర పలికిన వేదికలో జరిపే అలవాటు కూడా రావచ్చు. అప్పుడు వియెన్‌టియాన్‌కు, నోంపెన్‌కు పెద్ద జట్లు రావు. ఆరుసార్లు ఫైనల్ చేరి ఒక్కసారీ కప్పు ముట్టని ఇండోనేసియా మాత్రం పాత కప్పు కోసమే ఎదురుచూస్తోంది. దాని తదుపరి ప్రయత్నం ఈ జూలైలో మొదలవుతుంది. ఇటు సాఫ్ తదుపరి పోటీని ఇంటా బయటా పద్ధతిలో జరపాలని భారత సమాఖ్య అడుగుతుందా అన్న ప్రశ్నకు ఢిల్లీ ఫుట్‌బాల్ హౌస్ నుంచి ఇంతవరకూ జవాబు రాలేదు. ఆ ప్రశ్నను పార్లమెంటులో లేవనెత్తడానికి ప్రతిపక్ష సభ్యులకు కూడా తీరిక చిక్కలేదు.